డాక్టరు చేయని హత్య

చాలా ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అదేమిటో చెబితే మీకు ముందు నవ్వొస్తుంది. ఒక డిటెక్టివ్ నవల రెండో భాగం బాగాలేదని చెప్పాను. అంతే. ఎవరినీ చంపలేదు, ఎవరి సొమ్మూ తినలేదు. ఒక పుస్తకం బాగుంటే బాగాలేదన్నాను. ఇంత చిన్న మాటకు ఇన్నేళ్ళ బరువేమిటని మీరు అడగవచ్చు. నేనూ అలాగే అడుగుతూ వచ్చాను. చిన్నదే కదా, పోనీ, అని చెప్పుకుంటూ వచ్చాను. పోలేదు.

మాది బెంగళూరు పేటలో పాత ఇల్లు. మా పెద్దలు ఏ ఊరి నుంచి ఎప్పుడు వచ్చారో మాలో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఇంట్లో తెలుగు మాట్లాడతాం. బడిలో కన్నడ చదివాం. అందువల్ల మా వీధిలో తెలుగు మాట్లాడని ఇల్లు లేదు, తెలుగు అక్షరం వచ్చిన మనిషీ లేడు. మాకది వింతగా ఉండదు. ఉత్తరం రాయాలన్నా, బస్సు బోర్డు చదవాలన్నా కన్నడే. తెలుగు నోటికి మాత్రమే.

ఒక్క నాకు తప్ప. పదో తరగతి తప్పి ఇంట్లో కూర్చున్న రోజుల్లో మా పేట గ్రంథాలయానికి పోవడం అలవాటు చేసుకున్నాను. వార్తాపత్రికల బల్ల వెనక ఒక తెలుగు బీరువా ఉండేది. కన్నడ అక్షరానికీ తెలుగు అక్షరానికీ ఉన్న పోలిక పట్టుకుని, పిల్లల బొమ్మల పుస్తకాలతో మొదలుపెట్టి, ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నాను. కథలు చదివాను, నవలలు చదివాను, అర్థం కాని వ్యాసాలు కూడా చదివాను. ఆ బీరువాలో నేను ముట్టని అర లేదు. అదంతా నాకు తలకెక్కింది. ఇంట్లో ఎవరైనా ‘ఉండాది’ అంటే ‘ఉంది అనాలి’ అని దిద్దేదాన్ని. మా అన్న నన్ను పండితురాలా అని పిలిచేవాడు. అది ఎగతాళి అని తెలుసు. అయినా ఆ పిలుపు నాకు ఇష్టంగానే ఉండేది.

మా వదిన, అంటే ఆ అన్న భార్య, ఇంట్లో చీరలకు కుచ్చులు కట్టేది. దుకాణాలవాళ్ళు పట్టుచీరలు పంపిస్తారు. కొంగు చివర వేలాడే దారాలను పాయలుగా విడదీసి, మెలిపెట్టి, ముడులు వేసి, కుచ్చులుగా చేసి పంపాలి. పక్కింటి గౌరత్త కూడా మా ఇంటికే వచ్చి కట్టేది. అన్న పొద్దున్నే అత్తిబెలెలో ఫ్యాక్టరీకి కంపెనీ బస్సులో వెళ్ళిపోతే మధ్యాహ్నమంతా మేము ముగ్గురమే. చేతులు మాత్రం ఆడే పని అది. మాట్లాడుకోవడానికి ఏమీ మిగలని ఒక రోజు వదినే అడిగింది, నువ్వు చదివేదేదో గట్టిగా చదవరాదా, మేమూ వింటాము అని. అప్పటినుంచి నేను చదవడం, వాళ్ళు కట్టడం. నా వంతు కుచ్చులు కూడా వాళ్ళే కట్టేవారు. నాకది న్యాయంగానే తోచేది.

ఆ నవల అలా వచ్చింది మా ఇంటికి. పేరు చెప్పను. ఒక చిన్న ఊళ్ళో సినిమా హాలు యజమాని ప్రొజెక్టర్ గదిలో చచ్చిపడి ఉంటాడు. అనుమానించదగ్గవాళ్ళు నలుగురు. అతని భార్య, తమ్ముడు, ఇంటికి వచ్చిపోయే డాక్టరు, పెళ్ళి కాకుండా అదే ఇంట్లో ఉండిపోయిన చెల్లెలు. వదిన, గౌరత్త ఆ ఇంటివాళ్ళ గురించి ఎదురింటివాళ్ళ గురించి మాట్లాడుకున్నట్టు మాట్లాడుకునేవారు. ఆ తమ్ముడికి అన్నం ఎవరు పెడుతున్నారు, ఆ భార్య పుట్టింటివాళ్ళు ఎందుకు రాలేదు, అన్నీ వాళ్ళకు కావాలి.

సగం పుస్తకం అయ్యాక నేను చదవడం ఆపి, హంతకుడు డాక్టరే అని ప్రకటించాను. కారణాలు కూడా చెప్పాను. ఇలాంటి పుస్తకాలు ఎన్ని చదివానని! ఎవరు ఎక్కువ సాయం చేస్తుంటే వాడే అని, రచయితల పద్ధతి అదని, పాఠం చెప్పినట్టు చెప్పాను. వదిన దారం మెలిపెడుతూ తల ఎత్తకుండానే అంది.

“నాకేమో ఆ ఆడబిడ్డ మీద అనుమానం అమ్మణ్ణీ. అంత మంచి ఆడబిడ్డ యా ఇంట్లో ఉండాది? వదిన ఏడిస్తే ఏడ్చేది, వదినకు కాఫీ కలిపిచ్చేది. అట్లాంటోళ్ళు పుస్తకంలో కూడా ఉండరు.”

గౌరత్త నన్ను ఎగాదిగా చూసింది. “మన ఇంట్లో ఉండాది కదే ఒక ఆడబిడ్డ. కాఫీ కలిపిచ్చేదొకటే తక్కువ.”

ఇద్దరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే, చూద్దాం వదినా, చదివినవాళ్ళకు తెలుస్తుంది, అన్నాను. ఆ మాట అన్నాక ఇక అది ఆట కాలేదు నాకు.

నాకొక అలవాటు ఉండేది. మర్నాడు చదవబోయేదాన్ని ముందే ఒకసారి చదివి పెట్టుకునేదాన్ని, వాళ్ళ ముందు తడబడకూడదని. చివరి అధ్యాయాలు కూడా అలాగే గ్రంథాలయంలో కూర్చుని చదివాను. చంపింది ఆడబిడ్డే. వదిన చెప్పినట్టే. అన్నను ప్రొజెక్టర్ గదిలో చంపి, ఇంటికొచ్చి, వదినకు కాఫీ కలిపి ఇచ్చింది. పుస్తకం మూసి కిటికీలోంచి చాలాసేపు బయటికి చూశాను. ముందు రచయిత మీద కోపం వచ్చింది. మోసం చేశాడనిపించింది. తర్వాత వదిన మొహం గుర్తొచ్చింది, తల ఎత్తకుండా అన్న ఆ మాట గుర్తొచ్చింది, గౌరత్త రేపు ఎలా నవ్వుతుందో, వీధిలో ఎవరెవరికి చెబుతుందో అది కూడా వినిపించింది.

మర్నాడు మధ్యాహ్నం పుస్తకం తెరిచాను. ఇన్‌స్పెక్టరు అందరినీ హాల్లో కూర్చోబెట్టేదాకా ఉన్నది ఉన్నట్టే చదివాను. అక్కడినుంచి నాది. కళ్ళు పేజీ మీదే పెట్టి, సమయానికి పేజీ తిప్పుతూ, డాక్టరు నేరం ఒప్పుకున్నట్టు, ఏడ్చినట్టు, బేడీలు వేయించుకున్నట్టు చెప్పుకుపోయాను. పేజీలో ఆడబిడ్డ ఏడుస్తోంది. నా నోట డాక్టరు ఏడుస్తున్నాడు. ఎంత తేలికగా వచ్చిందో! ఒక్క మాట కూడా తడబడలేదు. వాళ్ళిద్దరూ చేతిపని ఆపి మరీ విన్నారు.

అయిపోయాక వదిన అంది, “ఓడిపోతిని పో అమ్మణ్ణీ. చదివినదానివి నువ్వు, నీకే తెలుస్తాది. నాదంతా సుమ్నే, ఊరికే వాగుడు.”

ఆ మాటను నేను కాదనలేదు. నిజంగా గెలిచినదానిలా, పోనీలే వదినా, అలవాటైతే నీకూ తెలుస్తుంది, అన్నాను.

ఎందుకు చేశాను? పందెం గెలవడానికేనా? చాలాకాలం అలాగే అనుకున్నాను. కానీ చంపింది ఆ తమ్ముడై ఉంటే, వదిన తమ్ముడని ఉంటే, నేను ఇంత పని చేసేదాన్నా? పెళ్ళి కాక అన్న ఇంట్లో ఉండిపోయిన ఆడబిడ్డను వాళ్ళ ముందు నా గొంతుతో హంతకురాలిగా చదవడం నాకు చేతకాలేదేమో. ఇది కూడా సాకే కావచ్చు. సాకులు వెతకడంలో నేను మంచి పాఠకురాలిని.

అక్కడితో ఆగిపోయి ఉంటే మరిచిపోయేదాన్ని. మరుసటి ఏడు రెండో భాగం వచ్చింది.

కొత్త పుస్తకాల అరలో చూడగానే చెయ్యి దానంతటదే తీసుకుంది. అక్కడే నిలబడి మొదటి పేజీ చదివాను. డాక్టరు రైలు దిగి ఊళ్ళోకి వస్తున్నాడు. నేను బేడీలు వేయించిన డాక్టరు. శిక్ష అయిపోయి ఆ చెల్లెలు ఇంటికి తిరిగొచ్చిందని తెలిసి, ఆమె వదినకు ఏ ఆపద వస్తుందోనని చూడటానికి వస్తున్నాడు. కథంతా అతనిదే. కథలో మంచివాడు అతనే.

ఇంటికి తెచ్చుకుని రెండు రోజుల్లో చదివేశాను. ఇప్పుడు నిజం చెబుతాను. అది మొదటిదానికంటే చాలా మంచి పుస్తకం. మొదటి భాగంలో హంతకుడెవరో తెలియకపోవడం వల్ల భయం. తెలిసిపోయాక ఆ పుస్తకాన్ని మళ్ళీ చదవబుద్ధి కాదు. రెండోదానిలో ఎవరో మనకు ముందే తెలుసు, ఆ ఇంట్లో అందరికీ తెలుసు, అయినా ఆమె వంటింట్లోకి వెళ్ళిన ప్రతిసారీ పేజీ తిప్పడానికి జంకాను. పోలీసులు లేరు, పరుగులు లేవు. ఒక వదిన, ఒక ఆడబిడ్డ, ఒకే ఇంట్లో. ఆమె కలిపిన కాఫీ ఈమె తాగాలా వద్దా అన్నదాని మీద ఒక అధ్యాయమంతా నడుస్తుంది. మొదటి భాగం రాసిన మనిషే ఇది రాశాడా అనుకున్నాను. గట్టిగా చదివితే మా వదిన, గౌరత్త ఎలా వింటారో ప్రతి పేజీలోనూ ఊహించుకున్నాను. అంత మంచి పుస్తకం వాళ్ళకు చదివి వినిపించే దారి నేనే మూసేశాను.

అట్ట మీద అదే సినిమా హాలు బొమ్మ. వదిన చూడనే చూసింది. ఇది దాని తర్వాతిదా అని అడిగింది. అవును కానీ బాగాలేదు, మొదటిదాని కాలిగోటికి సరిపోదు, అన్నాను. బాగలేకుంటే మాత్రమేమి, తిట్టుకుంటా విందాము, ఆ ఇంట్లోవాళ్ళు తర్వాత ఏమైపోయినారో తెలియొద్దా, అంది. ఈసారి వద్దన్నాను. గొంతు నొప్పి అన్నాను. వేరే పుస్తకం మొదలుపెట్టాను. ఆమె ఊరుకుంది, కానీ మరిచిపోలేదు. ఒక రోజు, అట్లయితే నాకు తెలుగు అక్షరాలు చెప్పు అమ్మణ్ణీ, నేనే చదువుకుంటా, అంది.

కాదనడానికి కారణం దొరకలేదు. రోజుకు కొంచెం చెబుదాం, నెలలు పడుతుంది, ఈలోగా పుస్తకం తిరిగి ఇచ్చేయవచ్చు అనుకున్నాను. కన్నడ వచ్చినవాళ్ళకు తెలుగు అక్షరాలు ఎంత దగ్గరో అందరికంటే నాకే బాగా తెలియాలి. అది కూడా ఆలోచించలేదు. ఆమె చీరలు చుట్టి వచ్చిన కాగితాల మీద రాసుకుని, కుచ్చులు కడుతూ నోట్లో అనుకుంటూ, నేను చెప్పనివి కూడా తనే పోల్చుకుని పట్టేసింది. ధర్మవరం నుంచి వచ్చిన చీరల డబ్బా మీద ఊరిపేరు చదివిన రోజు డబ్బా పట్టుకుని వీధిలోకి పోయి గౌరత్తను పిలిచింది. ఆమె సంతోషం చూస్తుంటే నాకు భయం వేసింది. నేర్పేవాళ్ళకు రావలసిన సంతోషం నాకు రాలేదు. సిగ్గుతో రాస్తున్నాను ఈ మాట.

పుస్తకం తిరిగి ఇవ్వడంలో ఆలస్యం చేశాను. మళ్ళీ చదవాలనిపించి ఉంచుకున్నాను. ఒక మధ్యాహ్నం నేను మేడ మీద బట్టలు తీసుకుని దిగేసరికి ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో కుచ్చుల చీర పక్కకు జరిపి, ఆ పుస్తకం పెట్టుకుని, మొదటి పేజీ మీద వేలు నడిపిస్తోంది. గౌరత్త ముడి వేస్తూ వింటోంది.

“డా… డాక్ట… డాక్టరు. డాక్టరు రైలు… దిగి… దిగినాడు.” నన్ను చూసి మొహం వెలిగిపోయింది. “చూడు అమ్మణ్ణీ, వచ్చేసింది! కానీ ఇదేమి, డాక్టరు రైలు దిగేదేమి? ఆయప్ప జైల్లో కదా ఉండాడు?”

“వేరే డాక్టరు,” అన్నాను.

“పేరు కూడా అదే ఉండాది కదా. కొంచెం తడువుండు, చూస్తా.” వేలు మళ్ళీ పేజీ మీదకు పోయింది.

నేను పుస్తకం లాక్కున్నాను. చేతిలోంచి లాక్కున్నాను. “ఎందుకు వదినా ఈ పని నీకు? ఒక్కో అక్షరం పట్టుకుని వేలాడితే చదవడమా అది? పేరేదో, మాటేదో కూడా తెలియదు, నాకు ప్రశ్నలు. చదవడమంటే కుచ్చు కట్టడం కాదు. దానికి తల ఉండల్ల.”

‘ఉండాలి’ అనలేదు, ‘ఉండల్ల’ అన్నాను. ఎన్నడూ వాళ్ళలా మాట్లాడని నేను, ఆమెను కొట్టడానికి వాళ్ళ మాటే తీసుకున్నాను.

గౌరత్త, “ఏమప్పా అంత మాట,” అంది మెల్లగా.

వదిన ఖాళీ అయిన ఒడిలోకి చూసుకుంది. తర్వాత నవ్వింది. “బేజారు పడొద్దులే గౌరత్తా. ఆ పిల్ల చెప్పింది నిజమే. నా తలకు నూనె పెట్టుకునేదొకటే తెలుసు.” చీర మళ్ళీ ఒళ్ళోకి లాక్కుని, వదిలిన పాయ ఎక్కడుందో వెతుక్కుంది.

ఆ సాయంత్రమే పుస్తకం తిరిగి ఇచ్చేశాను.

ఆమె మళ్ళీ అక్షరాలు ముట్టలేదు. చదవమని కూడా అడగలేదు. నేను అడిగాను, చదవనా అని. తల నొస్తోందనేది. గౌరత్త కొన్నాళ్ళకు మహదేవపురలో కొడుకు ఇంటికి వెళ్ళిపోయింది. మధ్యాహ్నాలు ఫోనులో పాటలు వచ్చి చేరాయి. నేను నా గదిలో చదువుకునేదాన్ని, మనసులోనే.

అబద్ధం మాత్రం నాతోపాటు పెరిగింది. గ్రంథాలయానికి వచ్చే ఒక పెద్దాయన ఆ రెండో భాగం ఎలా ఉందని అడిగారు. బాగాలేదండీ అన్నాను. ఇంట్లో చెప్పిన మాట వేరుగా, బయట చెప్పిన మాట వేరుగా ఉంటే ఎప్పుడో ఒకచోట కలుస్తాయని భయం. కారణాలు అడిగితే కారణాలు తయారుచేశాను. మొదటిదాని పేరు అమ్ముకోవడానికి రాసిందన్నాను, హంతకుడు తెలిసిపోయాక డిటెక్టివ్ కథలో ఏముంటుందన్నాను. ఆయన తల ఊపి పుస్తకం తిరిగి అరలో పెట్టేశారు. నా మాట మీద గౌరవంతో. కొత్తగా ఎవరు రెండో భాగాల గురించి మాట్లాడినా ఆ పుస్తకాన్నే ఉదాహరణగా చెప్పేదాన్ని. చెప్పగా చెప్పగా ఒక్కోసారి నిజంగానే అది చెడ్డ పుస్తకమేమో అనిపించేది. అప్పుడు మళ్ళీ తెచ్చుకుని ఒక అధ్యాయం చదివేదాన్ని. కాదు, బాగుంది. ప్రతిసారీ బాగుంది.

ఇవన్నీ నేను భరించగలిగేదాన్నేమో. భరించలేనిది వేరే ఉంది. ఆ తర్వాత వదిన నోట ఒక మాట పట్టుకుంది. నాకేమి తెలుసు, అమ్మణ్ణిని అడగండి. తన పిల్లల బడిలో టీచరు ఏదైనా అడిగితే అదే మాట. డాక్టరు దగ్గర మందుల సంగతి వస్తే అదే మాట. అన్న ఇంటి విషయం ఏదైనా తేల్చమంటే అదే. ముందు ఇలా ఉండేది కాదు. ముందు అన్నిటికీ ఆమె దగ్గర ఒక మాట ఉండేది, తప్పో ఒప్పో, దారం మెలిపెడుతూ అనేసేది. ఇంట్లో అందరూ వయసు వల్ల అనుకున్నారు. నేను ఏమీ అనలేదు.

మొన్న మా మేనకోడలు, వదిన కూతురు, సెలవుకు ఇంట్లో ఉంది. టీవీలో ఏదో సీరియల్. ఇంట్లో నగ పోయింది, ఎవరు తీశారో తెలియదు. ఎవరమ్మా దొంగ, అని తల్లిని అడిగింది.

“నన్ను అడగొద్దు,” అంది వదిన. “నేను చెప్పేది ఎప్పుడూ తప్పే. అప్పుడొక కథలో కూడా, పాపం ఆ ఆడబిడ్డను అనుమానించి ఓడిపోతి. డాక్టరు చేసుండాడు. అత్తను అడుగు, చెప్తాది.”

ఇన్నేళ్ళకు. ఆ పుస్తకం పేరు ఆమెకు గుర్తుండకపోవచ్చు. ఓడిపోయింది మాత్రం గుర్తుంది. పిల్ల నావైపు తిరిగింది. నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు ఆమె పక్కన కూర్చుని చెప్పాను. ఎలా మొదలుపెట్టాలో ఎన్నిసార్లు అనుకున్నానో, అదేదీ రాలేదు. వదినా, ఆ కథలో చంపింది ఆడబిడ్డే, డాక్టరు కాదు, నువ్వు చెప్పిందే నిజం, నేనే మార్చి చదివాను, అన్నాను. రెండో పుస్తకం కూడా చాలా బాగుంటుంది, అబద్ధం చెప్పాను, అన్నాను.

ఆమె నన్ను చూసి నవ్వింది. కోపం లేదు, ఆశ్చర్యం కూడా లేదు.

“నిన్న నేనన్న మాటకు నొచ్చుకున్నావా? ఊరికే అన్నా లే. నన్ను సంతోషపెట్టాలని ఇట్లంతా చెప్పొద్దు అమ్మణ్ణీ. నువ్వు చదివితివి, నేను నా చెవులారా వింటిని కదా.”

నిజంగా, వదినా, ఒట్టు, అన్నాను. పుస్తకం తెచ్చి చూపిస్తాను అన్నాను.

“తెచ్చి ఏమి చేసేది? నువ్వే కదా చదివి చెప్పల్ల,” అంది. సూదికి దారం ఎక్కించి ఇమ్మని నా చేతికిచ్చింది.

ఎక్కించి ఇచ్చాను. ఆమె నన్ను నమ్ముతుంది. నేను చదివానంటే నమ్ముతుంది, నేను అబద్ధం చదివానంటే నమ్మదు. తనకు తెలిసిందే నిజమని నేను చెబుతున్నా, తన తల మీద ఆమెకు నమ్మకం లేదు. అది పోగొట్టింది నేను. పోగొట్టినది నా మాటతో తిరిగి రాదని ఆ మధ్యాహ్నం తెలిసింది. కోప్పడి ఉంటే కాళ్ళు పట్టుకునేదాన్ని. క్షమించమని అడగడానికి కూడా ముందు ఆమె నమ్మాలి కదా.

ఇక ఎవరికి చెప్పను? అందుకే మీకు రాస్తున్నాను. మీకు తెలుగు చదవడం వచ్చు. ఆ పుస్తకం ఎప్పుడైనా మీ చేతికి వస్తే నా మాట మీద ఆధారపడనక్కర్లేదు, మీరే తెరిచి చూసుకోగలరు. ఇది నేను గొప్పగా చేస్తున్న పనేమీ కాదు. మా ఇంట్లో ఇంకెవరూ చదవని అక్షరాల్లో నా తప్పు రాసుకుంటున్నానని కూడా నాకు తెలుసు. అయినా ఒక్కరైనా నిజం అని తెలిసి చదువుతున్నారనుకుంటే, మొదటిసారి, ఈ సంగతి నా ఒక్కదానిది కాకుండా పోతుంది. ఆమె పక్క గదిలో కుచ్చులు కడుతోంది. నేను వెళ్ళి పక్కన కూర్చోవాలి.